షుగరు యాప్‌కు తోడు ఎవరు?

కొత్త సాధనాన్ని వాడటానికి మనుషులు ఎప్పుడు ఒప్పుకుంటారన్న ప్రశ్నకు 1989లో ఫ్రెడ్ డేవిస్ అనే అమెరికన్ పరిశోధకుడు ‘సాంకేతిక స్వీకార నమూనా’ పేరిట ఇచ్చిన జవాబు ఇప్పటికీ వైద్య పరిశోధనల్లో విరివిగా కనిపిస్తుంది. సాధనం తన పనికి ఉపకరిస్తుందన్న నమ్మకం, దాన్ని వాడటం కష్టం కాదన్న నమ్మకం రెండూ ఉన్న వ్యక్తే దాన్ని చేపడతాడని దాని సారాంశం. అయితే కార్యాలయాల్లో కంప్యూటర్లు వాడేవారిని చూసి కట్టిన ఆ నమూనాలో శ్రమపడేదీ లాభపడేదీ ఒక్కరే. మధుమేహ చికిత్సలో అంకెలు నమోదు చేసే శ్రమ రోగిది, వాటిని చదివే శ్రమ వైద్యుడిది. ఒకరు మానేస్తే రెండోవారు పడిన పాట్లు కూడా వృథా. రోగికి చదువు లేదనీ వైద్యుడికి ఆసక్తి లేదనీ వినిపించే మామూలు ఫిర్యాదులు ఈ లెక్కను పట్టించుకోవు.

చేతి పైభాగాన అతికించుకునే సెన్సార్‌నే తీసుకుంటే, అది చర్మం కింది ద్రవంలోని గ్లూకోజును కొద్ది నిమిషాలకోసారి కొలిచి, సుమారు రెండు వారాలపాటు ఫోనుకు పంపుతుంది. పదేపదే వేలు గుచ్చుకునే బాధ తప్పుతుంది కనుక, ఇన్సులిన్ తీసుకునే రోగికి దాని ప్రయోజనం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. అతన్ని ఆపేది గడువు తీరిన ప్రతిసారీ కొత్త సెన్సార్‌కు పెట్టాల్సిన ఖర్చు. వైద్యుడి సంకోచం వేరు. ఐదు నిమిషాలకోసారి కొలిచినా 14 రోజులకు 4,032 రీడింగులవుతాయి, ఓపీ గది బయటేమో జనం వరుసకట్టి ఉంటారు. అందుకే 2019లో అంతర్జాతీయ నిపుణులు, గ్లూకోజు డెసిలీటరుకు 70 నుంచి 180 మిల్లీగ్రాముల మధ్య నిలిచిన సమయం చాలామంది రోగుల్లో 70 శాతం దాటాలని లక్ష్యం నిర్ణయించి, ఆ రీడింగులన్నిటినీ ఒకే పేజీ నివేదికగా చూపే పద్ధతిని సిఫారసు చేశారు. తీరిక లేని వైద్యులకు శిక్షణ తరగతుల కంటే ఆ ఒక్క పేజీయే ఎక్కువ మేలు చేయవచ్చు.

సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఎంతవరకు లాగగలదో రెండు ప్రయోగాలు చెబుతాయి. హర్యానా, కర్ణాటకల్లోని 40 సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో నర్సులు ట్యాబ్లెట్‌లో వివరాలు ఎక్కిస్తే చికిత్స సూచనలిచ్చే ‘ఎంవెల్‌కేర్’ను పరీక్షించినప్పుడు, అది లేని కేంద్రాలతో పోలిస్తే రక్తపోటులో గానీ, రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీలో గానీ తేడా రాలేదని 2019లో తేలింది. భారత్, పాకిస్తాన్‌లలోని 10 మధుమేహ క్లినిక్‌లలో 1,146 మందితో జరిగి 2016లో ప్రచురితమైన ‘క్యారస్’ ప్రయోగంలో మాత్రం, అలాంటి సాఫ్ట్‌వేర్‌కు తోడుగా వైద్యులు కాని సమన్వయకర్తలను నియమించారు. చక్కెరతోపాటు రక్తపోటు లేదా కొలెస్టరాల్ కూడా అదుపులోకి వచ్చినవారు ఆ వర్గంలో 18.2 శాతం కాగా, మామూలు చికిత్స పొందినవారిలో 8.1 శాతమే. ప్రభుత్వ కేంద్రాన్నీ ప్రత్యేక క్లినిక్‌నూ ఒకే గాటన కట్టి పోల్చడం సరికాదు; 18 శాతం గొప్పగా చెప్పుకోదగిన అంకె కూడా కాదు. అయినా రోగి మందులు వేసుకుంటున్నాడా లేదా అని కనుక్కోవడమే ఉద్యోగంగా ఉన్న మనిషి పక్కన లేనిదే తెర మీది సూచన చికిత్సగా మారడం కష్టమని ఆ అంకెలు చూశాక ఒప్పుకోక తప్పదు.

2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా ప్రకారం దేశంలో మధుమేహులు 10.1 కోట్లు. తెలుగు రాష్ట్రాల్లో వీరి వివరాలను ఫోనులోకి ఎక్కించే పని చివరికి టీకాలు, గర్భిణుల నమోదు, ఇంటింటి సర్వేలతో ఇప్పటికే తలమునకలైన ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తల మీదే పడుతోంది. రెండు ప్రభుత్వాల ఆరోగ్య శాఖలు ఇకపై మధుమేహ యాప్‌కు టెండరు పిలిచేటప్పుడు, దాన్ని నడిపే సమన్వయకర్తల సంఖ్యనూ జీతాన్నీ అదే పత్రంలో చేర్చాలి. అందుకు డబ్బు లేకపోతే ఆ టెండరు పిలవకుండా ఉండటమే మేలు.