నిన్నటి బ్రెడ్డు మీద నింద

పాతకాలపు బ్రెడ్డు వంటల గురించి ఎవరు రాసినా ఒకటే పాట. గట్టిపడ్డ రొట్టెను పారెయ్యడానికి చేతులు రాని బీద ఇల్లాలు దాన్ని పాలలోనో సూపులోనో ముంచి పిల్లల ముందు పెట్టిందట. నాలుగు డబ్బులు ఆడగానే ఆ వంటలు మాయమయ్యాయట. ఇప్పటివాళ్లకు పొదుపు తెలియదని చివర్లో ఒక నిట్టూర్పు. ఈ కథ సగం కూడా నాకు నమ్మబుద్ధి కాదు.

లేమి లేదనను. ఇటలీలో టస్కనీ రైతులు కూరగాయల సూపులో పాత రొట్టె ముక్కలు వేసి, మర్నాడు మళ్లీ కాచుకునే రిబొల్లీతా కష్టజీవుల తిండే. మరి మన హైదరాబాదు డబల్ కా మీఠా మాటేమిటి? బ్రెడ్డు ముక్కల్ని నేతిలో వేయించి, పాకంలో, చిక్కగా మరిగించిన పాలలో నానబెట్టి, కుంకుమపువ్వు, జీడిపప్పు చల్లి పెళ్లి విందులో వడ్డిస్తారు. నాలుగు ముక్కలు వృథా కాకూడదని అంత నెయ్యి తగలేసే పొదుపరి ఎవరండీ? అపిసియస్ పేరుతో నిలిచిన ప్రాచీన రోమన్ వంటల పుస్తకంలోనూ తెల్ల రొట్టె పైచెక్కు తీసి, పాలలో ముంచి, వేయించి, తేనె పోయమని ఉంది. అవి బీదవాడి వంటింట్లో ఉండే సరుకులు కావు.

అసలు కిటుకు పిండిలో ఉంది. బ్రెడ్డు ఆరిపోయి గట్టిపడుతుందని మనం అనుకుంటాం. తేమ పోకపోయినా గట్టిపడుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త బూసాంగో 1850లలోనే చూపించాడు. కాలేటప్పుడు నీరు పీల్చి ఉబ్బిన పిండిపదార్థం చల్లారాక మెల్లగా మళ్లీ బిగుసుకుంటుంది. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా బిగుస్తుంది. వేడి చేస్తే చాలావరకు సడలుతుంది. ఈ వంటలకు కావలసింది ఆ బిగువే. తాజా బ్రెడ్డును పాలలో వేస్తే గుజ్జవుతుంది. నిన్నటిది పాలు తాగి కూడా నిలబడుతుంది. టస్కనీవాళ్లే చేసే పంజనెల్లాలో రొట్టెను నీళ్లలో తడిపి, పిండేసి, టమాటా, ఉల్లి, ఆలివ్ నూనెతో కలుపుతారు. పొయ్యి మీంచి దిగిన రొట్టెతో చేసి చూడండి, ముద్ద మిగులుతుంది. మిగిలిపోయింది కనక వాడారన్నది సగం నిజం. గట్టిపడింది కనకే వంట కుదిరింది.

ఇక ఈ వంటలు తగ్గడానికి ఇప్పటి ఆడవాళ్ల దుబారా కారణమనడం మరీ అన్యాయం. మారింది బ్రెడ్డు. 1961లో ఇంగ్లండులోని చోర్లీవుడ్‌లో ఒక పద్ధతి కనిపెట్టారు. యంత్రంలో పిండిని కొద్ది నిమిషాలు జోరుగా కలిపితే చాలు, గంటల తరబడి పులియబెట్టక్కర్లేదు. దానికితోడు పిండి బిగుసుకోకుండా ఎమల్సిఫయర్లు, ఎంజైములు చేరాయి. కవరులో దొరికే ముక్కల బ్రెడ్డు రోజుల తరబడి దూదిలా ఉండి, ఒకనాటి పొద్దున ఉన్నట్టుండి పచ్చటి బూజుతో కనిపిస్తుంది. మెత్తదనానికీ బూజుకూ నడుమ ఉండాల్సిన రెండు మూడు రోజులే ఎగిరిపోయాయి. పాతవాళ్ల వంటలన్నీ ఆ రెండు మూడు రోజులవే. (బూజు పట్టినదాన్ని గీకి వాడమని నేననడం లేదు. దాన్ని పారెయ్యాల్సిందే.)

చద్దన్నాన్నీ ఇలాగే పేదల కూడని ఈసడించాం. ఇప్పుడు మట్టి ముంతలో పోసి, ధర కట్టి హోటళ్లలో అమ్ముతుంటే కొనుక్కుంటున్నాం. బ్రెడ్డుకు ఆ యోగం పట్టేదాకా ఆగక్కర్లేదు. ఈసారి డబల్ కా మీఠా చేసేటప్పుడు వీధి చివరి బేకరీలో ముక్కలు కొయ్యని బ్రెడ్డు కొనండి. ఇంట్లో మందంగా కోసి, పలచటి గుడ్డ కప్పి ఒక రాత్రి ఆరనివ్వండి. పాలలో వేశాక ముక్క విడిపోతే అప్పుడు నన్ను తిట్టండి.