పట్టణనిర్మాణము - ఒక బాలిక ప్రశ్న

నగరములను గూర్చిన చలనచిత్రములను పిల్లలకు జూపుట మంచిదని పెద్దలందఱును ఒప్పుకొందురు. జూపునపుడు తామేమి చెప్పవలయునో మాత్ర మాలోచింపరు. కట్టడమెంత యెత్తు, శిల్పి యెవడు, ఖర్చెంత - ఈ మూడును జెప్పి, విద్యాదానము ముగిసినదని కండువా దులుపుకొని లేచిపోదురు.

గతమాసమున మాయూరి పఠనమందిరమున ముప్పదిమంది పిల్లలతో గూర్చుండి చండీగఢ్ నగరమును గూర్చిన డాక్యుమెంటరీ చిత్రమును జూచితిమి. స్విట్జర్లండు దేశీయుడగు ఆలెన్ టానర్ 1966లో దీనిని నిర్మించెను. ఆంగ్లరచయిత జాన్ బర్జర్ దీనికి వ్యాఖ్యానము వ్రాసెను. గంటకు లోబడిన చిత్రము. మాలో నొకరు వ్యాఖ్యానమును తెనుగున జెప్పుచుండిరి.

ఆ నగరకథ యెఱుగదగినది. 1947లో దేశము చీలి లాహోరు పాకిస్తానము పాలుకాగా, ఇటు మిగిలిన పంజాబునకు రాజధాని లేకపోయెను. అమెరికా దేశీయుడగు ఆల్బర్ట్ మేయరు మొదటి పటము గీసెను. ఆతని సహచరుడు నొవిట్స్కీ 1950లో విమానప్రమాదమున మరణించెను. మరుసటి యేట లె కార్బూజియే వచ్చెను. 800 మీటర్ల వెడల్పు, 1,200 మీటర్ల నిడివి గల సెక్టారులుగా నగరము విభక్తమయ్యెను. పెద్ద రస్తా దాటకయే పిల్లలు బడికి బోవునట్లు ప్రతి సెక్టారునకును బడి, అంగడి, తోట ఏర్పఱచిరి. ఈ మాట వినగానే మా పిల్లలు చప్పట్లు గొట్టిరి. లారీల నడుమ ప్రాణములు చేతబట్టుకొని బడికి బోవు పిల్లలు మఱేమి చేయుదురు!

254 మీటర్ల పొడవుగల సచివాలయమును జూచి అందఱును నోరు తెఱచిరి. తరువాత, పూర్తిగాని కట్టడములపై స్త్రీపురుషులు కాంక్రీటు తట్టలు నెత్తిన బెట్టుకొని సాగుట కనబడెను. అప్పుడు పదేండ్ల బాలిక యొకతె, “ఆ తట్టలు మోసేవాళ్ల ఇల్లు ఏ సెక్టారులో ఉందండీ?” అని యడిగినది. వెనుకనున్న పెద్దమనిషి “ఊరుకో, చూడు” అని గద్దించెను. మేము చిత్రము నాపించితిమి.

ఆ ప్రశ్నకు సమాధాన మున్నది. ప్రభుత్వోద్యోగుల యిండ్లను హోదానుబట్టి, జీతమునుబట్టి 13 తరగతులుగా నిర్ణయించిరి. ముఖ్యమంత్రి మొదటివాడు, బంట్రోతు చివరివాడు. స్వతంత్రభారతము మొదటగా గట్టుకొన్న మహానగరమున మనుష్యులను గోడలతో తరగతులుగా నేర్పఱచుట మాకు రుచింపదు. అయినను న్యాయము చెప్పవలయును: బంట్రోతునకు సైతము కుళాయి, మరుగుదొడ్డి, చిన్న ముంగిలి దొరకెను. ఆనాడు మన తాలూకా గుమాస్తాలలో నెందఱి కవి యుండెను? ఈ యిండ్లను గీసిన జానెరే, ఫ్రై, జేన్ డ్రూ గార్లకు ఆ కీర్తి చెల్లవలసినదే.

కాని తట్ట మోసినవానికి ఆ పదుమూడింటిలో నే తరగతియు లేదు. పని ముగియగానే వాడు వెళ్లిపోవునని తలచిరి గాబోలు. వాడు వెళ్లలేదు. నగరమున కనుదినమును వాని పని కావలసియే యున్నది. పటములోలేని గుడిసెలలో వాడు నిలిచెను. ఈ సంగతిని మధు సరీన్ గారు 1982లో ప్రకటించిన తమ గ్రంథమున విపులముగ చర్చించిరి.

ఇంతయు పసివారికి జెప్పనేల, దేశముపై వారి గౌరవము తగ్గదా యని మిత్రు లొకరు మందలించిరి. మేము వకీలు వృత్తివారము. సాక్షిని సగములో నాపి వ్రాసిన తీర్పు అప్పీలులో నిలువదు. పిల్లల మనస్సు పెద్ద అప్పీలుకోర్టు; పదేండ్ల తరువాతనైనను అది దస్త్రమంతయు దిరుగవేయును. ఆ సాయంకాలము వారి యుత్సాహ మేమియు తగ్గలేదు. ఆ నగరముననే రోడ్డు ఇన్‌స్పెక్టరుగ నుండిన నేక్ చంద్, కూలిన పల్లెల శిథిలములను, పగిలిన గాజులను, పింగాణి పెంకులను ఏఱి, సర్కారు భూమిలో ఎవరికిని జెప్పక యేండ్లతరబడి బొమ్మల తోట గట్టెననియు, 1976లో దానిని ప్రజలకు దెఱచిరనియు జెప్పగా, వారు మమ్ము లేవనీయలేదు.

చండీగఢ్ మాట మనకు దూరపుమాట కాదు. 2014లో ఆంధ్రప్రదేశమును హైదరాబాదు లేని రాష్ట్రముగ విడదీసిరి. 2015లో ఉద్దండరాయునిపాలెమున అమరావతికి శంకుస్థాపన జరిగెను. రైతులు ముప్పదివేల యెకరములకు మించి భూమి నిచ్చిరి. భూమిలేని కూలికుటుంబములకు నెలకు 2,500 రూపాయల పింఛను ఇచ్చుటకు ఏర్పాటుచేసిరి. పింఛను మంచిదే. పింఛను తీసుకొనువాని యిల్లెక్కడ? పొరుగు రాష్ట్రములనుండి వచ్చి అచట ఇనుపకమ్ములు వంచువాని యిల్లెక్కడ?

ఈ చిత్రమును ప్రతి పఠనమందిరమువారును దెప్పించి పిల్లలకు జూపుదురని కోరుచున్నాము. ప్రశ్న వచ్చినచోట ఆపుడు. చూపినపిమ్మట అమరావతి పటమొకటి బల్లపై బఱచి, తట్ట మోయువాని యింటికి ఎచట చోటున్నదో వారిచేతనే వెదకింపుడు.