కూర్మమునకు వైద్యము

శ్రీకూర్మమున కూర్మనాథునికి హారతి పట్టు జాతి మనది. అట్టి మన తీరముననే కొనయూపిరితో పడియున్న తాబేటిని చూచి ముక్కు మూసికొని పోవుచున్నాము. దేవుని రూపమునకు పూజ, ప్రాణికి ఉపేక్ష! ఇది భక్తియగునా?

ఏటేట శీతకాలమున ఆలివ్ రిడ్లే తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకై తూర్పుతీరమునకు వచ్చుచున్నవి. ఇవి ఊపిరితిత్తులతో గాలి పీల్చు జీవులు. వలలో చిక్కి పైకి రాలేనిచో నీటనే చచ్చును. 2025 జనవరిలో చెన్నపట్టణపు తీరమున వందలకొలది కళేబరములు కొట్టుకొనివచ్చెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వీనిని మొదటి షెడ్యూలున చేర్చి, చంపినవానికి శిక్ష విధించినది. కాని శిక్ష చికిత్స కాదు గదా!

ఇచ్చట తెలియని దయయు హానియే చేయును. గ్రుడ్లు పెట్టవచ్చిన తాబేలు తనంతట తానే మరలిపోవును. నిస్సత్తువతో ఒడ్డు చేరినదానిని పదిమంది కూడి నీటిలోనికి త్రోయుట పుణ్యము కాదు. అది ఈదలేక మరల మునుగును. వలనుండి తీసినది కదలకున్నను చచ్చినదని నిశ్చయింపరాదు. పొట్ట నేలకానునట్లుంచి, వెనుకభాగమును ఆరంగుళములైనను ఎత్తి, ముక్కు మూయక తడిగుడ్డ కప్పి, నీడయందుంచినచో కొన్ని గంటలకు తేరుకొనవచ్చును. ఒకప్పుడు దినమంతయు పట్టును. ఆపై పని పశువైద్యునిది: మ్రింగిన గాలమును ఎక్స్‌రేతో కనిపెట్టుట, వలత్రాడు కోసిన రెక్కకు కట్టుకట్టుట, మునుగలేక తేలుచున్నదానిని తొట్టిలో నెలలతరబడి పోషించుట. ఇందుకై అమెరికాయందలి ఫ్లారిడాలో, మారథాన్ పట్టణమున, 1986లోనే ప్రత్యేక వైద్యశాల వెలసినది. మన దేశమున మహారాష్ట్రమందలి దహానులోను ఇట్టి చికిత్స జరుగుచున్నది.

మనుష్యులకే వైద్యము చాలనిచోట తాబేటికా యని కొందరందురు. ఒక ఉప్పునీటి తొట్టియు, శిక్షణ పొందిన ఒక వైద్యుడును ఏ రోగి మంచమును అపహరింపవు.

మేము కోరునవి మూడు. ప్రతి తీరజిల్లాలోను ఒక పశువైద్యశాలయందు ఈ ఏర్పాటుండవలెను. తాబేలు తప్పించుకొను ద్వారముగల వలలను ప్రభుత్వమే తన వ్యయముతో మరపడవల వారికి సమకూర్పవలెను. ఏలయన వేటనిషేధము ఏప్రిల్ 15న గాని ప్రారంభము కాదు, తాబేళ్లో అంతకు నెలల ముందే వచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది మూడవది: చిక్కిన తాబేటిని ప్రాణముతో ఒడ్డుకు తెచ్చిన బెస్తవానిని ముద్దాయిగా గాక ఉపకారిగా చూడవలెను. కేసునకు వెరచినవాడు దానిని రహస్యముగా నీటనే విడుచును. అప్పుడు చట్టము రక్షింపదలచిన ప్రాణమును చట్టభయమే తీసినట్లగును.

పఠనమందిరములందలి సోదరులారా! మీ సంఘములయందు ఈ మూటిని తీర్మానించి జిల్లా కలెక్టరులకు పంపుడు. వచ్చు శీతకాలమునకు ముందే పంపుడు.