ఎవరు చేశారో తేల్చాల్సింది ఎవరు?

పర్చూరు వైపు మిర్చి కోతలకు పోయే యానాది, ఎరుకల, సుగాలి ఇళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ, వాకపల్లి అంటే ఎక్కడో మన్యంలో జరిగిన సంగతని పక్కన పెట్టకండి. కోర్టులో ఆదివాసీ ఆడమనిషి మాటను ఎలా తూస్తారో తెలియాలంటే ముందు చదవాల్సిన కేసు అదే.

2007 ఆగస్టు 20. జి.మాడుగుల మండలం వాకపల్లి. కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు చెప్పారు. విచారణ మొదలవడానికే సుప్రీంకోర్టు దాకా పోవాల్సొచ్చింది. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదంది. నిందితులను వరసలో నిలబెట్టి గుర్తుపట్టించే పరేడ్ కూడా పెట్టలేదు మరి. అదే తీర్పులో బాధితులకు పరిహారం ఇమ్మంది. నేరం రుజువు కాలేదట, పరిహారం మాత్రం ఇవ్వాలట!

చట్టం మారలేదా అంటే, మారింది. అదీ ఒక ఆదివాసీ పిల్ల వల్లే. 1972లో మహారాష్ట్రలో పోలీస్ స్టేషన్లో జరిగిన మథుర కేసులో, ఒంటి మీద గాయాల్లేవు కాబట్టి ఆమె ఇష్టపడే ఉంటుందన్నట్టు 1978లో సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. దేశమంతా ఆడవాళ్లు రోడ్డెక్కాక 1983లో సాక్ష్య చట్టంలోకి 114ఎ వచ్చింది. పోలీసు నిందితుడైన ఇలాంటి కేసుల్లో, కలయిక రుజువై, 'నేను ఒప్పుకోలేదు' అని ఆమె కోర్టులో చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో అది 120వ సెక్షన్. ఆమె పాత జీవితాన్ని తవ్వి ఇష్టాన్ని రుజువు చెయ్యకూడదని 48వ సెక్షన్ అంటోంది.

మంచివే. కానీ గమనించారా, ఇవన్నీ 'ఇష్టం' చుట్టూనే తిరుగుతాయి. వాకపల్లిలో పేచీ ఇష్టం గురించి కాదు. జరిగిందా, చేసిందెవరు అన్న దగ్గరే కేసు ఆగిపోయింది. ఆ తాళంచెవి దర్యాప్తు అధికారి దగ్గరుంటుంది. పోలీసుల మీద కేసు, దర్యాప్తూ పోలీసులదే. వాళ్లు వదిలేసిన ప్రతి పనీ 'అనుమానం' అవుతుంది, అనుమానం లాభం నిందితుడికి పోతుంది. ఆ సూత్రమే తీసెయ్యమని నేననను. దొంగ కేసుల్లో జైళ్లలో మగ్గేది కూడా మనోళ్లే కదా. దర్యాప్తు చెడగొట్టిన ఖర్చు బాధితురాలి నెత్తిన పడకూడదంటున్నా. విధిలో కావాలని నిర్లక్ష్యం చేసిన ఎస్సీ, ఎస్టీ కాని అధికారికి జైలు అని అట్రాసిటీ చట్టం 4వ సెక్షన్లో రాసే ఉంది. దాన్ని తీర్పు వచ్చాక కాదు, మొదటి వారంలోనే అడగాలి.

చేలో అయితే నిందితుడు మేస్త్రీ కావచ్చు, ఆసామి కావచ్చు, పేరు తెలియని ట్రాక్టరు డ్రైవరు కావచ్చు. ఆ రోజు ఆమె పక్కన మీరుంటే, ఆ బట్టలు ఉతకనివ్వకండి. సంగతి అందిన 24 గంటల్లో వైద్య పరీక్షకు పంపాల్సింది పోలీసులు. కేసు మా పరిధి కాదని ఏ స్టేషనూ తిప్పి పంపకూడదు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. అందులో అట్రాసిటీ సెక్షన్లు ఉన్నాయో లేదో చూడండి. ఉంటే దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ, ఎస్సై కాదు. వాడి పేరు తెలియకపోతే గుర్తింపు పరేడ్ కావాలని కాగితం మీద రాసివ్వండి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. నోటిమాటగా అడిగితే రేపు కోర్టులో అడగనట్టే లెక్క.