హార్సుపవరు చూస్తున్నారు, హెడ్డు చూడటం లేదు
పాత మోటార్లు కొని నష్టపోతున్న బోరు రైతులు

అనంతపురం: ఒక ఊరిలో బోరు వట్టిపోతే అందులోని మోటారు మరో ఊరి బోరులోకి దిగుతున్నది. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో పాత సబ్‌మెర్సిబుల్ మోటార్ల వ్యాపారం ఇలాగే సాగుతున్నది. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని ఈ ప్రాంతంలో నిన్నటిదాకా పారిన బోరు నేడు గాలి కక్కడం వింతేమీ కాదు. అప్పుడు రైతు చేతిలో మిగిలేది మోటారు, పైపులు, కేబులు. అప్పులవాడు ఇంటికి రాకముందే అవి అమ్ముడుపోతాయి.

కొనేవాడి పరిస్థితీ అంతకన్నా మెరుగ్గా లేదు. ఉన్న డబ్బంతా బోరు తవ్వకానికే పోయి కొత్త మోటారుకు చాలనివారు కొందరు. నడివేసవిలో మోటారు కాలిపోయి వైండింగు షాపు చుట్టూ తిరిగేవారు మరికొందరు. టమోటా ఎండితే ఒక పంటతో పోతుంది. నార్పల, గార్లదిన్నె, తాడిపత్రి వైపు చీనీ తోటల సంగతి అది కాదు. నాలుగైదేళ్లు పెంచితే గాని కాపుకు రాని చెట్టు ఏప్రిల్‌లో నీళ్లు లేకుండా నెల రోజులు నిలవదు. ఆ తొందరలో జరిగే బేరం గనుక మోటారు మంచిచెడ్డలు చూసే ఓపిక ఎవరికీ ఉండటం లేదు.

షాపుకు వచ్చిన రైతు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని హార్సుపవర్లు అన్నా?" అనే. అయిదు పనిచేయకపోతే ఏడున్నర, అదీ చాలకపోతే పది. పొరపాటు ఇక్కడే జరుగుతున్నది. మోటారు ఎంత ఎత్తుకు నీటిని నెట్టగలదో చెప్పేది హెడ్డు. పంపులో ఒకదానిపై ఒకటి పేర్చిన స్టేజీలు ఎన్ని ఉంటే అంత హెడ్డు వస్తుంది. ఒకే 7.5 హార్సుపవరుతో తక్కువ లోతు నుంచి ఎక్కువ నీళ్లు తోడేదీ ఉంటుంది, ఎక్కువ లోతు నుంచి తక్కువ నీళ్లు తోడేదీ ఉంటుంది. పైకి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

పైగా రైతు లెక్క అడుగుల్లో, మోటారు ఫలకంపై లెక్క మీటర్లలో. బోరులో నీళ్లు 200 అడుగుల్లో ఉన్నాయని చెప్పుకుంటారు గాని, మోటారు వేసిన గంటకు అవి 350 అడుగులకు దిగవచ్చును. లెక్క వేయవలసింది ఆ దిగిన మట్టం నుంచే. దానికి నీటితొట్టి ఎత్తు, పైపులో పోయే ఒత్తిడి కలిపి మరో 40 అడుగులు అనుకుంటే 390 అడుగులు, అంటే సుమారు 119 మీటర్లు. ఫలకంపై 40 నుంచి 80 మీటర్లు అని ఉన్న మోటారును ఈ బోరులో దించితే అది తిరుగుతుందే గాని నీళ్లు పైకి రావు. లోపలే చిలుకుతూ వేడెక్కి కాలుతుంది. రైతు మాత్రం కరెంటును తిడతాడు.

దీనికి తలకిందులైన కష్టం కూడా ఉన్నది. హంద్రీ-నీవా నీళ్లు 2012లో జీడిపల్లి రిజర్వాయరుకు చేరాయి. అలా కాలువ నీటితో చెరువులు నిండిన చోట చుట్టుపక్కల బోర్లలో మట్టం పైకి వస్తుంది. ఎక్కువ హెడ్డుకు చేసిన మోటారు అక్కడ దిగితే అవసరానికి మించి నీళ్లు నెట్టి, ఆంపియర్లు పెరిగి కాలే ప్రమాదమున్నది. గేటు వాల్వు కొంత మూసి నడపడమే అక్కడ ఉపాయం.

ఇంతకూ ఆ ఫలకాన్ని ఎంతవరకు నమ్మాలన్నది వేరే ప్రశ్న. 1980లలో హార్సుపవరు లెక్కన శ్లాబు రేటు నడిచిన కాలంలో తక్కువ హార్సుపవరు రాసుకుని ఎక్కువ తీసుకునే మోటార్లు పల్లెల్లో బాగా పెరిగాయి. 2004 మేలో ఉచిత విద్యుత్తు వచ్చాక బిల్లు బాధ తీరింది గాని ఫలకాల అబద్ధం తీరలేదు. అయిదు అని రాసి ఉన్నది ఏడున్నర కావచ్చును.

అమ్మేవారు సాధారణంగా మోటారును సిమెంటు తొట్టిలో ముంచి స్విచ్చి వేసి చూపిస్తారు. తొడ లావున నీళ్లు చిమ్మగానే రైతు మనసు తృప్తిపడుతుంది. తొట్టిలో ఎత్తు లేదు గనుక అరిగిన మోటారైనా అలాగే చిమ్ముతుంది. పైపు చివర ఒక గేటు వాల్వు, దాని ముందు ఒక ప్రెషరు గేజి బిగిస్తే సంగతి బయటపడుతుంది. పది మీటర్ల ఎత్తుకు ఒక కిలో ఒత్తిడి. 119 మీటర్లు కావలసిన రైతు వాల్వును మెల్లగా మూస్తూ గేజి ముల్లు 12 మీదికి తెచ్చి, ఆ స్థితిలో 200 లీటర్ల డ్రమ్ము ఎంతసేపట్లో నిండుతుందో చూడాలి. అదే సమయంలో స్టార్టరు పెట్టెలో ఆంపియర్లు ఫలకంపై అంకె దాటకూడదు. ఈ పరీక్షకు పట్టేది పది నిమిషాలు.

రెండు నిమిషాల్లో డ్రమ్ము నింపే మోటారు 9 గంటల కరెంటులో 54 వేల లీటర్లు తోడుతుంది. అరిగి మూడు నిమిషాలు పట్టేది 36 వేల లీటర్లే తోడుతుంది. రోజుకు 18 వేల లీటర్ల తేడా. చెట్టుకు వంద లీటర్లు వేసుకుంటే 180 చీనీ చెట్లు, అంటే ఎకరా దాటిన తోట. కరెంటు ఉచితమని ఎవరూ ఈ నష్టాన్ని లెక్కలోకి తేవడం లేదు. బిల్లు లేకపోయినా గంటలకు హద్దు ఉన్నది కదా.

మిగతా పరీక్షలు మెకానిక్కులకు తెలిసినవే. షాఫ్టు చేతితో తిప్పితే పట్టు లేకుండా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. ఆడితే అడుగు బేరింగు అరిగినట్లే. ఇసుక తోడిన బోరు నుంచి వచ్చిన మోటారైతే పంపు విప్పించి ఇంపెల్లర్లు చూడాలి. వైండింగు మార్చినంత మాత్రాన మోటారు చెడ్డదనుకోనక్కరలేదు. రాగి తీగ మంచిదై, మూడు ఫేజుల కొలత సమానంగా ఉండి, నీళ్లలో నానబెట్టిన తరువాత కూడా మెగ్గరు పరీక్షకు నిలిస్తే నిర్భయంగా దించవచ్చును.

ఒక రైతు తప్పుడు మోటారు కొంటే అతనొక్కడే నష్టపోడు. 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు కింద అయిదు 5 హార్సుపవర్ల మోటార్లు ఉంటే మొత్తం 25. అవన్నీ చెప్పకుండా ఏడున్నరలైతే 37.5, అంటే 28 కిలోవాట్లు. ఓల్టేజి పడిపోతుంది, పడిన ఓల్టేజికి మోటార్లు ఎక్కువ ఆంపియర్లు లాగుతాయి, చివరకు ట్రాన్స్‌ఫార్మరే కాలుతుంది. అది మారేదాకా సక్రమంగా లోడు కట్టించుకున్న రైతు తోట కూడా ఎండవలసిందే.

పాత మోటార్లకు రసీదులు ఇచ్చేవారు అరుదు. గ్యారంటీ అంటే నోటిమాటే. మోటారు అమ్మేది వైండింగు షాపు, బాగుందని చెప్పేది ఆ షాపు మెకానిక్కు, కాలితే మళ్లీ చుట్టేదీ అతనే. అందుకే కొందరు రైతులు మరో ఊరి మెకానిక్కును కూలి ఇచ్చి వెంట తీసుకుపోతున్నారు. ఒకసారి పైపులు దించి మళ్లీ పైకి లాగించే ఖర్చు కన్నా అతనికిచ్చే కూలి తక్కువేనని వారి లెక్క.