సబ్ర్ చెప్పేవారు చాలు, వినేవారు కావాలి

ముస్లిం కుటుంబంలో ఒక అమ్మాయి ఇంటర్ పూర్తిచేసి మనస్తత్వశాస్త్రం చదువుతానంటే సాధారణంగా మూడు సమాధానాలు వినిపిస్తాయి. పిచ్చివాళ్లతో నీకేం పని అనేది మొదటిది. ఆ చదువుకు ఉద్యోగం ఎక్కడుంది అనేది రెండవది. మనకు దీన్ ఉంది, నమాజు ఉంది, ఇంకా ఈ కౌన్సెలింగులు ఎందుకు అనేది మూడవది. ఈ మూడూ తప్పుడు సమాధానాలే. అంతేకాదు, వీటివల్ల లాభపడుతున్నది ప్రభుత్వమేనని మేము చెప్పదలచాము. మనం అడగనంతకాలం దానికి ఇవ్వవలసిన అవసరం కలగదు.

మూడవ సమాధానం ధర్మం పేరుతో వస్తుంది కనుక ముందుగా దానినే తీసుకుందాం. దుఃఖం ఈమాన్ బలహీనతకు గుర్తు అనే మాట మన సంప్రదాయంలోనిది కాదు. హజ్రత్ ఖదీజా, అబూ తాలిబ్ ఇద్దరూ మరణించిన సంవత్సరాన్ని మన చరిత్ర ‘ఆముల్ హుజ్న్’, అంటే దుఃఖ సంవత్సరం అని పిలుస్తుంది. ప్రవక్త దుఃఖాన్ని చరిత్రలో అలా నమోదు చేసుకున్న ఉమ్మత్, తన ఆడపిల్ల దుఃఖాన్ని మాత్రం ఎందుకు దాచమంటున్నది? తొమ్మిది, పది శతాబ్దాలలో జీవించిన బల్ఖ్ పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ ‘మసాలిహుల్ అబ్‌దాన్ వల్ అన్‌ఫుస్’ అనే గ్రంథంలో దేహారోగ్యంతో పాటు మనసు ఆరోగ్యాన్నీ చర్చించాడు. కోపం, భయం, విచారం, వదలని వస్‌వాస్‌లను వేరువేరుగా పరిశీలించాడు. కారణం తెలిసిన విచారం వేరు, కారణం తెలియకుండా కమ్ముకునే విచారం వేరు అని గుర్తించాడు. బాగ్దాద్, కైరో, డమాస్కస్ బీమారిస్తాన్‌లలో మానసిక రోగులకు చికిత్స జరిగేది. మన కాలంలో సూడాన్‌కు చెందిన మాలిక్ బద్రీ, పాశ్చాత్య మనస్తత్వశాస్త్రాన్ని గుడ్డిగా అనుసరించే ముస్లిం నిపుణులను 1979లోనే ఒక పుస్తకం రాసి నిలదీశాడు. అయితే ఆ శాస్త్రాన్ని వదిలేయమని ఆయన అనలేదు. తానే దానిని బోధించాడు, బల్ఖీని ఆంగ్లంలోకి తెచ్చాడు. కాబట్టి తావీజు కట్టి పంపేవారు తాము ఏ వారసత్వం పేరు చెప్పుకుంటున్నారో ఒకసారి చూసుకోవాలి. దువా మానమని మేము అనడం లేదు. జ్వరానికి దువాతో పాటు మందు ఇస్తున్నాము కదా, మనసుకు ఆ రెండవది ఎందుకు నిషేధమయిందన్నదే మా ప్రశ్న.

ఇక ‘పిచ్చివాళ్ల డాక్టరు’ సంగతి. ఎర్రగడ్డ పేరును తిట్టుగా వాడే ఊళ్లో ఈ భయం ఉండడంలో ఆశ్చర్యం లేదు. కాని వృత్తులు వేరు. ఎంబీబీఎస్ తరువాత ప్రత్యేక శిక్షణ పొంది మందులు రాసేవారు మానసిక వైద్యులు. భారత పునరావాస మండలిలో నమోదై, రోగనిర్ధారణ పరీక్షలు, మానసిక చికిత్స చేసేవారు క్లినికల్ సైకాలజిస్టులు. పరీక్షల భయం, దాంపత్య కలహం, ఆప్తుల మరణం, నిరుద్యోగం, ఇంట్లో హింస వంటివాటితో నలిగే మామూలు మనుషులతో కూర్చుని, వారి మాట విని, దారి వెతుక్కోవడంలో తోడ్పడేవారు కౌన్సెలింగ్ సైకాలజిస్టులు. వీరి దగ్గరకు వచ్చేవారిలో అత్యధికులు మనలాంటివారే.

బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015–16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలోని వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఇది అందరి లెక్క. ఇందులో మన వాటా ఎంతో తెలుసుకోవాలంటే పాతబస్తీలోనో, కడపలోనో, నిజామాబాద్‌లోనో ఏ దవాఖానా ఓపీ వరుసనైనా చూడండి. ‘దిల్ ఘబ్రారా’ అంటూ వచ్చే స్త్రీకి ఈసీజీ తీస్తారు, గ్యాస్ మాత్ర రాస్తారు, అంతా బాగానే ఉందని పంపేస్తారు. భర్త గల్ఫ్‌లో ఉన్నాడనీ, అత్తవారింట్లో ఆమె మాట చెల్లదనీ, మూడేళ్లుగా సరిగా నిద్ర లేదనీ ఎవరూ అడగరు. అడిగినా ఆమె దక్కనీలో చెప్పే జవాబు అర్థం చేసుకునేవారు ఆ గదిలో ఉండాలి కదా. ‘ఘబ్రారా’ అన్న ఒక్క మాటలో భయం, ఆందోళన, గుండెదడ, ఊపిరాడకపోవడం అన్నీ ఉన్నాయి. దానిని నిఘంటువు చూసి అనువదించుకునే కౌన్సెలర్‌కు సగమే వినిపిస్తుంది.

కొన్ని గాయాలు మన సముదాయం పేరు మీదనే తగిలినవి. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. ఆ తరువాత పట్టుకుపోయిన యువకులు నిర్దోషులుగా బయటకు వచ్చారు. వారికి పరిహారం ప్రకటించారు, ఆ పరిహారం చుట్టూ సంవత్సరాల తరబడి వాదాలు నడిచాయి. రాత్రిపూట తలుపు చప్పుడైతే ఉలిక్కిపడే ఆ ఇళ్లకు మనసు వైద్యం కూడా పరిహారంలో భాగమేనని మన సభల్లో ఎవరైనా డిమాండ్ చేయగా మేము వినలేదు. అద్దె ఇల్లు దొరకక తిరిగినవాడు, హిజాబ్ కారణంగా తరగతి గది గుమ్మంలో ఆగిపోయిన అమ్మాయి, తమ బాధను ఎదుటివారికి చెప్పే ముందు అది నిజమేనని నిరూపించుకోవలసి వస్తున్నది. కౌన్సెలింగ్ గదిలో సైతం ఆ నిరూపణ భారం మోయమనడం అన్యాయం. ముస్లిం కౌన్సెలర్ ముస్లింలకే అని మా ఉద్దేశం కాదు. మంచి కౌన్సెలర్ ఎవరికైనా పనికివస్తారు. కాని ఆ వృత్తిలో మనవారు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే ఉంటే మనకు ఎంపిక అనేదే ఉండదు.

మొహల్లాలో కౌన్సెలింగ్ జరుగుతూనే ఉందని కొందరు పెద్దలు అంటారు. భార్యాభర్తల తగాదా వస్తే జమాఅత్ పెద్దలు కూర్చోబెట్టి మాట్లాడతారు. ఐదుగురు మామల ముందు ఒక స్త్రీ తన పడకగది బాధ ఎలా చెప్పగలదు? చెప్పినా మగ్రిబ్ నాటికి అది వీధి చివరి చాయ్ దుకాణానికి చేరుతుంది. మజ్లిస్‌లో విన్న మాట అమానతు అనే బోధ మనకు ఉంది. ఆ బోధను వృత్తి నియమంగా పాటించేది మాత్రం శిక్షణ పొందిన కౌన్సెలరే. పైగా ఆ పంచాయితీల ముగింపు చాలావరకు ఒకటే: సబ్ర్ చెయ్యి బేటీ. సబ్ర్ గొప్ప గుణమే. కాని దెబ్బలు తినేవారికి మాత్రమే దానిని పంచిపెట్టడం ఏ న్యాయం?

ఉద్యోగాల ప్రశ్న గట్టిది, దానిని తేలికగా తీసివేయలేము. ప్రైవేటు పాఠశాలల్లో కౌన్సెలర్ జీతాలు తొలినాళ్లలో తక్కువే. మూడు రోజుల సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టుకున్నవారితో పోటీ కూడా ఉంది. అయినా పరిస్థితి మారుతున్నది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు జారీ చేసింది. చట్టం వచ్చేవరకు అవే అమలులో ఉంటాయి. 100 లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ, పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో కనీసం ఒకరినైనా నియమించుకోవాలి. తెలంగాణలో మైనారిటీ గురుకులాలే 200కు పైగా ఉన్నాయి. ఒక్కొక్క గురుకులానికి ఒక్కరు చొప్పున చూసినా 200కు పైగా కొలువులు. జిల్లాల్లోని సఖి కేంద్రాలు, కళాశాలలు, ఆసుపత్రులు వేరే. ఉద్యోగాలు లేవనడం కంటే, ఉండవలసిన ఉద్యోగాలను అడిగేవారు లేరనడం సరైనది.

అడగవలసిన సమయంలోనే దారులు మూసుకుంటున్నాయి. 2025 జులై–ఆగస్టు విద్యాసంవత్సరం నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో బోధించరాదని యూజీసీ ఆదేశించింది. మనుషులతో కూర్చుని నేర్చుకోవలసిన వృత్తి ఉత్తరాల ద్వారా రాదన్న వాదనలో బలం ఉంది, మేము దానిని కాదనము. కాని పెళ్లయి, పిల్లలను చూసుకుంటూ ఇంటినుంచే ఎం.ఏ. సైకాలజీ చదవగలిగిన స్త్రీకి ఉన్న ఒక్క తలుపూ అదే. దానిని మూసినవారు మరొకటి తెరిచారా? తెరవలేదు. పీహెచ్‌డీ వరకు వెళ్లే మన పిల్లలకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022–23 నుంచి నిలిపివేశారు. ఒకచేత్తో నాణ్యత పేరు చెప్పి, మరోచేత్తో ఆ నాణ్యతకు కావలసిన డబ్బు లాక్కోవడాన్ని సంస్కరణ అనలేము.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ మతం, కులం, వర్గం, లింగం ఆధారంగా వివక్ష లేకుండా అందుబాటు ధరలో సేవలు పొందే హక్కును ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. హక్కు అన్నది కాగితం మీద ఉంది, గదిలో మనిషి లేడు. ఆ మనిషిని తయారుచేయడానికి ఉస్మానియా, ఆంధ్రా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల సైకాలజీ విభాగాల్లో సీట్లు పెంచాలి. ఆడపిల్లలకు హాస్టల్ ఇవ్వాలి, గృహిణులకు సాయంత్రపు తరగతులు నడపాలి. బీసీ–ఈ జాబితాలోని కుటుంబాలు 4 శాతం రిజర్వేషన్‌ను ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ నాడే కాకుండా పీజీ ప్రవేశాల నాడు కూడా గుర్తుపెట్టుకోవాలి. జకాత్ నిధులు నడిపే సంస్థలు ఏటా పంచే విద్యా సహాయంలో ఈ చదువుకు కొంత విడిగా కేటాయించాలి. తల్లిదండ్రులను మేము కోరేది చిన్నది. మీ అమ్మాయి ఇంట్లో అందరి గొడవలూ ఓపికగా వింటుందని, స్నేహితురాళ్లంతా ఆమెకే చెప్పుకుంటారని మీరే మురిసిపోతుంటారు. ఆ గుణానికి ఒక డిగ్రీ ఉందని ఆమెకు చెప్పండి.

గురుకులాల విషయంలో ఎదురుచూడవలసిన పని లేదు. సమాచార హక్కు చట్టం కింద జిల్లా స్థాయి దరఖాస్తుకు 10 రూపాయల ఫీజు, జవాబుకు 30 రోజుల గడువు. ప్రతి జిల్లాలో ఒక్క కార్యకర్త జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో మూడు ప్రశ్నలు వేస్తే చాలు: సుప్రీంకోర్టు మార్గదర్శకాల తరువాత జిల్లాలోని ఏయే మైనారిటీ గురుకులంలో కౌన్సెలర్‌ను నియమించారు, వారి విద్యార్హత ఏమిటి, వారికి ఉర్దూ వచ్చునా?