డైరెక్టరుల భీమా: ఎవరికి రక్షణ?

కంపెనీ డైరెక్టరు పదవి యొకప్పుడు కేవలము గౌరవచిహ్నముగా నుండెడిది. ఏటికి నాలుగుమారులు సమావేశమునకు బోయి, కాఫీ పుచ్చుకొని, చూపినచోట సంతకము చేసి వచ్చుటతో దాని విధులు ముగియునని పెద్దమనుష్యులు తలచుచుండిరి. ఆ కాలము గడచినది. ఇప్పుడా సంతకము వెనుక దావా కలదు, దర్యాప్తు కలదు, ఒక్కొక్కప్పుడు చెరసాలయు గలదు. ఈ భయమునకు విరుగుడుగా డైరెక్టరుల బాధ్యతా భీమా మన దేశమున వ్యాపించుచున్నది. షేర్ల వ్యాపారమును నియంత్రించు సెబీ సంస్థ, 2018 అక్టోబరు 1 నుండి దేశములోని మొదటి 500 పెద్ద కంపెనీలును, 2022 జనవరి 1 నుండి మొదటి 1000 కంపెనీలును తమ స్వతంత్ర డైరెక్టరుల కొరకు ఈ భీమా తీసికొని తీరవలెనని శాసించినది. మన తిరుపతి చెంత కరకంబాడిలో బ్యాటరీలు తయారుచేయు అమరరాజా కంపెనీ వంటివి యీ నిబంధన పరిధిలోనివే. కనుక నిది బొంబాయి వర్తకుల గొడవయని మన జిల్లాలవారు ఉపేక్షింపరాదు.

వాటాదారు అడుగదగిన ప్రశ్న యొకటి కలదు. తప్పు చేసినవాడు డైరెక్టరు. ప్రీమియము చెల్లించునది కంపెనీ, అనగా వాటాదారు సొమ్ము. కంచె చేను మేసినయెడల కంచెకు భీమా చేయుట యేమి న్యాయము? ఈ ప్రశ్నను తోసిపుచ్చుటకు వీలులేదు. దీనికి సమాధానము చెప్పవలెనన్న, ఆ భీమా యేమి చేయునో, ఏమి చేయదో ముందుగా నెరుంగవలయును.

ఈ పాలసీ ముఖ్యముగా మూడు విధముల సొమ్మిచ్చును. కంపెనీ దివాలా తీసియో, చట్టమడ్డు వచ్చియో డైరెక్టరును ఆదుకొనజాలనప్పుడు నేరుగా నతనికి లాయరు ఖర్చులును నష్టపరిహారమును ఇచ్చును. కంపెనీయే ముందుగా నా ఖర్చు భరించినచో దానిని తిరిగి కంపెనీకి చెల్లించును. వాటాదారులు షేర్ల విషయమై కంపెనీ మీదనే దావా వేసినప్పుడు, పాలసీలో నుండినచో, ఆ భారమును గూడ కొంత వహించును. మోసము, బుద్ధిపూర్వకముగా గడించిన అక్రమలాభము, ప్రభుత్వము విధించు శిక్షాజరిమానాలు మొదలగునవి సామాన్యముగా దీని పరిధిలోనికి రావు. ప్రాణనష్టమును, కాలుష్యమును గూర్చిన పరిహారములును సాధారణముగా దీనికి వెలుపలనే యుండును.

1929లో అమెరికా షేర్ల మార్కెట్టు కూలిన పిమ్మట, 1930వ దశకమున లండను లాయిడ్సు వర్తకులు ఈ భీమాను ప్రారంభించిరి. దానికి ముందే యింగ్లండులో నొక గుణపాఠము జరిగినది. సిటీ ఈక్విటబుల్ ఫైర్ ఇన్స్యూరెన్సు కంపెనీ కుప్పకూలినది. ఊరందరికి శకునము చెప్పు బల్లి తానే కుడితిలో పడినట్లు, లోకమునకు భీమా చేయు కంపెనీయే మునిగెను. బుద్ధిపూర్వకమైన తప్పు లేనిచో డైరెక్టరులపై బాధ్యత లేదని ఆ కంపెనీ నిబంధనలలో వ్రాసియుండుటచే, అజాగ్రత్త వహించిన డైరెక్టరులు 1925 నాటి తీర్పులో తప్పించుకొనిరి. ఆ తరువాత నాంగ్ల శాసనము అట్టి నిబంధనలను చెల్లనివిగా జేసెను. మన 1913 నాటి కంపెనీల చట్టమును 1936లో సవరించినప్పుడును, 1956 నాటి చట్టమునందును ఈ సూత్రమునే పాటించిరి. ఇప్పుడమలులో నున్న 2013 నాటి చట్టము భీమాకు త్రోవ యిచ్చుచునే, దోషిగా తేలిన డైరెక్టరు విషయమున ఆ ప్రీమియమును అతని జీతములో భాగముగా లెక్కింపవలెనని 197వ సెక్షనులో విధించినది. అనగా శాసనము నిర్దోషిని కాపాడగోరినదే గాని దోషిని గాదు.

ఈ భేదమెంత ముఖ్యమైనదో తెలుగువారికి హైదరాబాదు సత్యం కంపెనీ నేర్పినది. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ డైరెక్టరులు, అధ్యక్షుడు రామలింగరాజుగారి కుటుంబమునకు సంబంధించిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనుటకు సమ్మతించిరి. పెట్టుబడిదారులు కోపించగా గంటలలోనే యా తీర్మానమును వెనుకకు దీసికొనిరి. 2009 జనవరి 7న రాజుగారు స్వయముగా వ్రాసిన లేఖలో, లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిలువలలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని తేలెను. ఆ బోర్డునందు పేరుగల ఆచార్యులు, మాజీ ప్రభుత్వోద్యోగులు స్వతంత్ర డైరెక్టరులుగా నుండిరి. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము దోషులుగా నిర్ణయించిన పదిమందిలో వారెవ్వరును లేరు. అమెరికా కోర్టులో ఆడిటు కమిటీ సభ్యులపై వచ్చిన దావాయు 2013లో కొట్టివేయబడినది. కాని నిర్దోషులమని చెప్పించుకొనుటకు వారికి నాలుగేండ్లు పట్టినది. ఆ నాలుగేండ్ల లాయరు ఫీజులు ఏ పింఛనుదారుడు తన యింటినుండి తెచ్చి యిచ్చుకొనగలడు? మరి యదే వ్యవహారమున అమెరికాలోని వాటాదారులకు పన్నెండున్నర కోట్ల డాలర్ల పరిహారమిచ్చుటకు 2011లో అంగీకరించినది ఎవరు? సత్యం కంపెనీయే. మోసపోయినవారి నష్టమును పూరించినది సంస్థయే గాని, మోసగించినవారు గారు.

నిర్దోషి భయమునకు మరియొక నిదర్శనమును హైదరాబాదే చూపినది. నాగార్జున ఫైనాన్సు కంపెనీ డిపాజిటుదారుల సొమ్ము తిరిగి చెల్లింపలేకపోగా, 1999లోనే పదవి విడిచిన స్వతంత్ర డైరెక్టరుపై దాదాపు పదియేండ్ల తరువాత అరెస్టు వారంటు వెలువడినది. డిపాజిటుదారుల దుఃఖము నిజమైనదే. ఆ దుఃఖమును తీర్చుటకు చేసిన శాసనము ఎవని మెడకు దొరికిన వానికి తగులుకొనినచో, యోగ్యులు బోర్డుల దరి చేరరు. సత్యం ఘోరము బయటపడిన 2009లో దేశమంతట వందలకొలది స్వతంత్ర డైరెక్టరులు రాజీనామాలిచ్చిరి. యోగ్యులు లేచిపోయిన కుర్చీలలో కూర్చుండువారెవరో వేరుగా జెప్ప నక్కరలేదు. చెల్లని చెక్కుల విషయమున, హైదరాబాదునకే చెందిన ఎస్.ఎం.ఎస్. ఫార్మా కేసులో సుప్రీముకోర్టు 2005లో వివేకమైన హద్దును గీచినది. డైరెక్టరను పేరు మాత్రమున ఎవ్వడును నేరస్థుడు కాడు. ఆ కాలమున వ్యాపారనిర్వహణ భారము వహించినవాడని ఫిర్యాదులో చెప్పవలెను. 2013 నాటి చట్టము 149వ సెక్షనులో స్వతంత్ర డైరెక్టరునకు ఇట్టి రక్షణనే యిచ్చినది. కాని తెలిసియు మిన్నకున్నవానికిని, శ్రద్ధ వహింపనివానికిని ఆ రక్షణ లేదు.

చట్టములు మారుచుండగా ప్రమాదముల స్వరూపమును మారుచున్నది. 2020 మే 7న విశాఖపట్టణమున ఎల్.జి. పాలిమర్సు కర్మాగారమునుండి వెలువడిన స్టైరీను విషవాయువు పన్నెండుగురి ప్రాణములు గొన్నది. జులైలో ఆ కంపెనీ ప్రధానాధికారితో సహా పన్నెండుగురు అరెస్టయిరి. 2021 ఏప్రిల్ చివర మన అమరరాజా కర్మాగారములను మూయవలెనని రాష్ట్ర కాలుష్యనియంత్రణ మండలి ఆజ్ఞాపింపగా, మే నెలలో హైకోర్టు ఆ యాజ్ఞను నిలిపివేసినది. పార్లమెంటు 2023లో గాలి కాలుష్య చట్టమును, పర్యావరణ పరిరక్షణ చట్టమును సవరించి, పెక్కు తప్పులకు చెరసాలకు మారుగా పదివేల నుండి పదునైదు లక్షల రూపాయల వరకు జరిమానా నిర్ణయించినది. చెరసాల భయము తగ్గినదని సంతసించు డైరెక్టరులు, జరిమానాను భీమా కంపెనీ చెల్లింపదని గుర్తుంచుకొనవలెను. కర్మాగారము ప్రక్కన నివసించువాని ప్రాణమునకు రక్షణ వేరు, డైరెక్టరు ఆస్తికి రక్షణ వేరు. మొదటిదానికై 1991లోనే ప్రజాబాధ్యతా భీమా చట్టము చేయబడినది. రెండవదాని మీద నుండు శ్రద్ధలో సగమైన మొదటిదాని మీద నుండవలదా?

కావున మా యభిప్రాయమిది: స్వతంత్ర డైరెక్టరులకు ఈ భీమా అవసరమే. కాని దానియందొక లోపము కలదు. పాలసీ మొత్తము సాధారణముగా అందరికిని ఉమ్మడి. తుదితీర్పు వచ్చువరకు మోసగానికి గూడ లాయరు ఖర్చు ఆ మొత్తమునుండియే పోవును. సత్యం కేసు తీర్పునకు ఆరేండ్లు పట్టినది. అంతకాలము దోషుల లాయరులు ఉమ్మడి కుండను త్రాగినచో, నిర్దోషి వంతునకు వచ్చునప్పటికి మిగులునది అడుగు మడ్డియే. కనుక స్వతంత్ర డైరెక్టరుల కొరకు పాలసీలో ప్రత్యేకముగా కొంత మొత్తమును వేరుపరుపవలెను. పాలసీ మొత్తమెంతయో, ప్రీమియమెంతయో ఏటేట వాటాదారులకు అచ్చువేసి తెలుపవలెను. దోషిగా తేలినవానినుండి ఖర్చయిన ప్రతి పైసయు వసూలుచేయుదుమని కంపెనీ ముందుగానే తీర్మానింపవలెను. ఆర్థిక నేరముల విచారణ యేండ్ల తరబడి సాగకుండ ప్రభుత్వము చూడవలెను.

చిత్తూరు మామిడిగుజ్జు కర్మాగారముల యజమానులకును, తిరుపతి వర్తకులకును ఒక మాట. ప్రయివేటు కంపెనీ పెట్టి, సంఖ్య నిండుటకై భార్యను, తమ్ముని డైరెక్టరులుగా వ్రాయించుట మనవారికి వాడుక. కంపెనీ నుండి వసూలు కాని జి.ఎస్.టి. బకాయికి, తమ తీవ్రమైన అశ్రద్ధ లేదని ఋజువు చేయలేని డైరెక్టరులు బాధ్యులని 2017 నాటి చట్టము 89వ సెక్షను చెప్పుచున్నది. ఆ యిల్లాలి సంతకమునకు సెబీ శాసించిన భీమా యేదియు లేదు. సహకార సంఘముల పాలకవర్గములవారును తమకిది పట్టదని యనుకొనరాదు. చిత్తూరు సహకార చక్కెర కర్మాగారము, గాజులమండ్యములోని శ్రీ వేంకటేశ్వర చక్కెర కర్మాగారము మూతపడి చెరకు రైతు దిక్కులు చూచిన సంగతి యీ ప్రాంతమువారు మరువలేదు. సొమ్ము దుర్వినియోగము చేసినవారినుండియు, బుద్ధిపూర్వకమైన నిర్లక్ష్యముచే నష్టము తెచ్చినవారినుండియు దానిని రాబట్టుటకు 1964 నాటి సహకార చట్టమునందు 60వ సెక్షను కలదు.

1923లో ఆంధ్రాబ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్స్యూరెన్సు కంపెనీని బందరులో స్థాపించిన పట్టాభి సీతారామయ్యగారి తరమువారికి, స్వదేశీ పరిశ్రమకు మొదటి మూలధనము ప్రజల నమ్మకమని తెలియును. ఆ మూలధనమునకు ఏ కంపెనీయు భీమా చేయజాలదు. లెక్కలు చదివి, అనుమానము కలిగినచోట ప్రశ్నించి, ఒప్పుకొనలేని తీర్మానమునకు తన యసమ్మతిని మినిట్సు పుస్తకమున వ్రాయించు డైరెక్టరే దానిని కాపాడగలడు. అట్టివానికి పాలసీ తోడుండవలెను. అట్లు చేయనివాడు పాలసీని నమ్ముకొని ఆ కుర్చీలో కూర్చుండుటకంటె ముందే లేచిపోవుట దేశమునకు మేలు.